మాత్ర సంగతి ఆయనకెలా చెప్పను?

ఎనిమిది పేజీలు రాశారు. రెండు చోట్ల కొట్టేసి, మళ్లీ అదే వాక్యం రాశారు. పేరూ ఊరూ బయటికి రాకూడదన్నారు కాబట్టి అవి లేకుండా, చదివేవాళ్లకి విషయం అందేలా మీ ఉత్తరాన్ని ముందు కుదించి చెబుతాను.

మీకు 32 ఏళ్లు, మీ ఆయనకి 36. పెళ్లయి ఆరేళ్లు, నాలుగేళ్ల పాప. మీరు ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. పాప పుట్టాక ఆరు నెలలు మీకు నరకం. నిద్ర లేదు, కారణం లేని ఏడుపు, పాపని ఎత్తుకోవాలంటే చేతుల్లో వణుకు, ‘నేను లేకపోతేనే దీనికి బాగుంటుందేమో’ అనే ఆలోచన. ఆయనకి అప్పట్లో నైట్ షిఫ్టులు. మీకేమవుతోందో మీరు చెప్పలేదు, ఆయన అడగలేదు. సాయానికి వచ్చిన అత్తగారు నిజంగానే చాలా చేశారు. చేస్తూనే, ‘నేను అయిదుగుర్ని కన్నాను, ఇలా ఓ మూల కూర్చుని ఏడవలేదు’ అన్నారు. మెల్లగా కోలుకున్నారు. తిరిగి ఆఫీసుకి వెళ్లేసరికి మీ దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి మీ పై అధికారి.

ఏడాదిన్నర కిందట ఆయన రెండో బిడ్డ మాట ఎత్తారు. నలుగురు తోబుట్టువుల్లో మూడోవారాయన. ‘ఇది ఒంటరిదైపోతుంది, జీతాలు కూడా పెరిగాయి కదా’ అన్నారు. మీరు సరేనన్నారు. గర్భం రాకుండా వేసుకునే మాత్రలు ఆపేస్తున్నానని కూడా చెప్పారు. ఆపలేదు. పద్నాలుగు నెలలుగా ఆఫీసు బ్యాగులో, కాలిక్యులేటర్ కవరులో దాచి వేసుకుంటున్నారు. నెలనెలా ఆయన ముఖం చూడలేకపోతున్నారు. ఇప్పుడు అత్తగారు ఒక గైనకాలజిస్టు దగ్గర వచ్చే నెలకి అపాయింట్‌మెంట్ తీసుకున్నారు, తనూ వస్తానంటున్నారు.

మీరడిగినవి మూడు. ఆయనకి చెప్పాలా. చెప్పకుండా మాత్రలు ఆపేస్తే సరిపోదా. అసలు ఎంతమంది పిల్లలుంటే సరిపోతుంది. మూడోదానికి నా దగ్గర అంకె లేదు. అయితే ఆ అంకె ఒక్కో ఇంట్లో ఎక్కణ్ణుంచి వస్తుందో కొంత చెప్పగలను. మీ ఇంట్లో అది మూడు వేర్వేరు చోట్ల నుంచి వస్తోంది, గొడవంతా అందుకే.

ముందు మీ అయిదో పేజీ చివర, పెద్దగా పట్టించుకోకుండా రాసేసిన ఒక వాక్యం దగ్గర ఆగుతాను. ‘మొన్న లైటు ఆర్పేశాక, లోపం నాలోనే ఉందేమో అన్నారు. నిద్రపోయినట్టు పడుకున్నాను.’ నాకు ఉత్తరమంతటిలో తొందర కనిపించింది ఇక్కడే. డాక్టర్ అపాయింట్‌మెంట్ వాయిదా వేసుకోవచ్చు. అత్తగారి మాట మరో ఏడాది దాటేయొచ్చు. ఒక మనిషి తనలో లేని లోపాన్ని చీకట్లో వెతుక్కుంటుంటే మాత్రం వాయిదా కుదరదు. మీకు ఆయన మీద కోపం ఉంది, అది నాకు అర్థమైంది. ఆ ఆరు నెలలు ఆయన అడగలేదన్న కోపం. ఇప్పుడు మీరు అదే చేస్తున్నారు. ఆయన బాధ మీ పక్కనే పడుకుని ఉంది, మీరు అడగట్లేదు.

ఇలా అన్నానని నేను మిమ్మల్ని దోషిని చేస్తున్నాననుకోకండి. ‘నాలాంటి మోసగత్తె ఇంకెక్కడా ఉండదు’ అని రాశారు. బోలెడంతమంది ఉంటారు. జాంబియాలో ఒక ప్రయోగం జరిగింది. పెళ్లయిన ఆడవాళ్లలో కొందరికి కుటుంబ నియంత్రణ సేవలు పొందే అవకాశాన్ని ఒంటరిగా ఉన్నప్పుడు ఇచ్చారు, కొందరికి భర్తతో కలిపి ఇచ్చారు. నవా అష్రాఫ్, ఎరికా ఫీల్డ్, జీన్ లీ అనే ఆర్థికవేత్తలు 2014లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఒంటరిగా అందుకున్నవాళ్లతో పోలిస్తే, భర్తతో కలిసి అందుకున్నవాళ్లు ఆ సేవల కోసం వెళ్లడం 19 శాతం తక్కువ. బయటికి కనపడని పద్ధతులు వాడటం 25 శాతం తక్కువ. బిడ్డను కనే అవకాశం 27 శాతం ఎక్కువ. భర్త కళ్లెదుట ఒక మాట, చాటున ఒక నిర్ణయం అనేది మీ ఒక్కరి బలహీనత అయితే ఈ అంకెల్లో తేడా ఎందుకు వస్తుంది? అయితే ఆ అధ్యయనంలోనే ఇంకో మాట ఉంది, మీకు చెప్పాలనుకున్నది అదే. చాటుగా వాడే వీలు దొరికినవాళ్లు తమ జీవితం పట్ల తక్కువ సంతృప్తితో ఉన్నట్టు చెప్పుకున్నారు. వాళ్లు కోరుకున్నది దొరికింది, దాచుకోవాల్సి రావడం మనసుని తినేసింది. మీరు బరువు తగ్గిపోతున్నానని రాశారు కదా, చదువుతుంటే నాకు వాళ్లే గుర్తొచ్చారు.

సరే, అంకె సంగతికి వద్దాం.

ఒక ఆడమనిషి ఎంతమందిని కంటుందనే దానికి కారణాలు వెతికితే చదువు, జీతం, మతం, పెద్దవాళ్ల మాట, ఇంటి సైజు, పక్కింటివాళ్లు, ఇలా చాంతాడంత జాబితా తేలుతుంది. 1956లో కింగ్‌స్లీ డేవిస్, జుడిత్ బ్లేక్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు దీన్ని కొంచెం సూటిగా చూశారు. కారణం ఏదైనా కానీ, అది శరీరం దాకా చేరాలంటే కొన్ని గుమ్మాలే ఉన్నాయన్నారు. 1978లో జాన్ బొంగార్ట్స్ ఆ గుమ్మాల్లో లెక్కకి ముఖ్యమైనవి నాలుగని తేల్చాడు. ఏ వయసులో పెళ్లయింది, గర్భం రాకుండా ఏదైనా వాడుతున్నారా, కాన్పయ్యాక పాలివ్వడం వల్ల ఎన్ని నెలలు మళ్లీ గర్భం నిలవదు, వచ్చిన గర్భాన్ని తీయించుకోవడం ఎంత మేరకు ఉంది. ఎంత పెద్ద సిద్ధాంతమైనా, ఎంత పెద్ద అత్తగారైనా, వీటిలో ఏదో ఒక గుమ్మంలోంచి దూరి రావాల్సిందే.

ఈ లెక్కలో మీ అత్తగారిని పెట్టి చూడండి. 17 ఏళ్లకి పెళ్లన్నారు. మాత్రల ఊసు లేదు. కాన్పుకీ కాన్పుకీ మధ్య వచ్చిన ఎడం పాలివ్వడం వల్ల వచ్చిందే అయివుంటుంది. మీకు 26కి పెళ్లి. ఆ వయసుకి ఆవిడ చేతిలో ముగ్గురు. ‘నేను అయిదుగుర్ని కన్నాను’ అనడంలో ఆవిడ ఓపిక ఎంతో, ఆవిడకి తెరిచి లేని తలుపులూ అన్ని ఉన్నాయి. 1973లో అన్స్‌లీ కోల్ అనే జనాభా శాస్త్రవేత్త, పిల్లల సంఖ్య తగ్గాలంటే మూడు కుదరాలన్నాడు. అది మన చేతిలో ఉన్న విషయమన్న ఆలోచనే ముందు రావాలి, తక్కువమంది ఉంటే మేలన్న నమ్మకం కలగాలి, అందుకు సాధనం దొరకాలి. ఆవిడకి మొదటిదే కలిగి ఉండదు. ఎంతమంది కావాలని సర్వేల వాళ్లు అడిగితే, ‘దేవుడు ఇచ్చినంతమంది’ అని జవాబిచ్చే ఆడవాళ్లు ఇప్పటికీ కొన్ని దేశాల్లో ఉన్నారు. అది తప్పించుకునే జవాబు కాదు, వాళ్లని ఆ ప్రశ్న అంతవరకూ ఎవరూ అడగలేదు.

ఇంకో సంగతి. అయిదుగుర్ని కన్నారు, మీ ఆయనతో కలిపి మిగిలింది నలుగురు. ‘ఒక బాబు రెండో ఏట పోయాడట’ అని బ్రాకెట్లో రాసి వదిలేశారు. ఆ బ్రాకెట్ తీసేసి చదవండి. 1990లో కూడా ప్రపంచంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 93 మంది అయిదేళ్లు నిండకుండానే పోయేవాళ్లు. 2022 నాటికి అది 37కి తగ్గింది. ఒక బిడ్డని పోగొట్టుకున్న మనిషికి ‘ఒక్కరే’ అన్న మాట ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. ఆవిడ మీమీద పెత్తనం కోసం అపాయింట్‌మెంట్ తీసుకున్నారని రాశారు. కావచ్చు, నాకు తెలియదు. భయంతో తీసుకుని ఉండే అవకాశం కూడా ఉంది, దాన్ని కొట్టిపారేయకండి. అలాగని ఆవిడ భయానికి మీరు బిడ్డని కనాల్సిన పని లేదు.

మీ ఆయన అంకె ఇంకో చోట నుంచి వచ్చింది. నలుగురు ఉన్న ఇల్లే ఆయనకి ఇల్లు. మనం చూసిందే మనకి మామూలనిపిస్తుంది. బ్రెజిల్‌లో ఒక టీవీ ఛానల్ సీరియళ్లలో ఆడవాళ్లకి పిల్లలు లేకపోవడమో ఒక్కరో ఇద్దరో ఉండటమో ఎక్కువగా చూపించేవాళ్లట. ఆ ఛానల్ సిగ్నల్ అందిన ప్రాంతాల్లో కాన్పులు తగ్గాయని 2012లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. సీరియల్ చూసి ఎవరూ నిర్ణయం తీసుకోరు, కళ్ల ముందు రోజూ కదిలే కుటుంబం మెల్లగా మామూలైపోతుంది, అంతే. మీ ఆయనకి నలుగురు, మీకు మీ అన్నయ్యా మీరూ. ఒంటరిదైపోతుందన్న ఆయన భయం గురించి ఒక్క మాట. ఒక్కరుగా పెరిగిన పిల్లల మీద జరిగిన చాలా పరిశోధనల్ని టోని ఫాల్బో, డెనీస్ పోలిట్ 1986లో కలిపి పరిశీలించారు. స్వభావంలో వాళ్లు మిగతా పిల్లలకంటే అధ్వానంగా ఏమీ లేరు. తల్లిదండ్రులతో దగ్గరితనం విషయంలో కొంచెం మెరుగు కూడా. కాబట్టి పాప కోసం రెండో బిడ్డ అనే వాదనని పక్కన పెట్టొచ్చు. ఆయనకే ఇంకో బిడ్డ కావాలని ఉందంటే అది వేరే, అది న్యాయమైన కోరికే. అలా చెప్పమనండి.

ఇక మీరు. ‘నాకు ఇద్దరు కావాలని ఉందో లేదో నాకే తెలియట్లేదు’ అన్నారు. ఉత్తరం రెండోసారి చదివితే నాకు తోచింది వేరు. పెళ్లికి ముందు మీకు ఇద్దరని ఉండేది, మొదటి పేజీలోనే రాశారు. ఇప్పుడు కూడా పక్కింటి పసివాణ్ణి ఎత్తుకుంటే దించబుద్ధి కాదన్నారు. మీరు భయపడుతున్నది బిడ్డ గురించి అనిపించడం లేదు. ఆ ఆరు నెలల గురించి, ఆ తర్వాత ఆఫీసులో చేజారిన కుర్చీ గురించి. ఈ రెంటినీ విడదీసి చూడకపోతే మీకు మీ సొంత అంకె దొరకదు.

‘జీతాలు పెరిగాయి కదా’ అన్న ఆయన మాటనే తీసుకోండి. డబ్బు పెరిగితే పిల్లల్ని ఎక్కువమందిని పెంచగలం అన్నది పైకి సరైన లెక్కే. కానీ పిల్లల మీద ఖర్చయ్యేది డబ్బొక్కటే కాదనీ, తల్లి సమయం అందులో పెద్ద పద్దు అనీ గ్యారీ బెకర్ లాంటి ఆర్థికవేత్తలు 1960ల నుంచే చెబుతున్నారు. మీ జీతం పెరిగితే మీరు మానుకునే ప్రతి గంటా ఖరీదెక్కుతుంది. అకౌంట్స్ చూసే మీకు ఇది నేను చెప్పాలా? డెన్మార్క్‌లో మొదటి బిడ్డ పుట్టాక ఆడవాళ్ల సంపాదన మగవాళ్లతో పోలిస్తే సుమారు 20 శాతం వెనకబడి, ఏళ్లు గడిచినా అలాగే ఉండిపోతోందని 2019లో ఒక అధ్యయనం లెక్క తేల్చింది. అదే బిడ్డకి తండ్రయిన మగవాళ్ల సంపాదనకి ఏమీ కాలేదు. పిల్లల సంరక్షణకి ప్రభుత్వమే అంత సాయం చేసే దేశంలో ఇదీ సంగతి. ఇద్దరికీ పెరిగిన జీతం కలిపి చూస్తున్నారాయన, తగ్గబోయేది ఎవరిదో చూడట్లేదు.

నా అభిప్రాయం దాచుకోను. ‘ఎంతమంది’ అని మొదలయ్యే చాలా గొడవలు ‘ఎవరు చూసుకుంటారు’ అన్న చోట ముడిపడి ఉంటాయి. మథియాస్ డోప్కే, ఫాబియన్ కిండర్‌మన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు యూరప్ దంపతుల సర్వేలు పరిశీలించి 2019లో ఒక సంగతి బయటపెట్టారు. ఇంకో బిడ్డ విషయంలో భార్యాభర్తల మధ్య తేడా రావడం చాలా మామూలు. ఇద్దరిలో ఒకరు వద్దంటే ఆ బిడ్డ పుట్టడం అరుదు. కాన్పులు బాగా తక్కువున్న దేశాల్లో వద్దనేది ఎక్కువగా ఆడవాళ్లు, అక్కడ పిల్లల పనిలో మగవాళ్ల వాటా కూడా తక్కువే. దక్షిణ కొరియా ప్రభుత్వం పిల్లల్ని కనమని ఎంత డబ్బు గుమ్మరించినా 2023లో సగటున ఒక్కో ఆడమనిషికి 0.72 బిడ్డ దగ్గర ఆగిపోయింది. అక్కడ ఇంటి పని ఎక్కువగా ఆడవాళ్ల మీదే ఉందని వేరే చెప్పాలా.

ఇప్పుడు మీ ముందున్న దారులు. నాలుగు కనిపిస్తున్నాయి నాకు, ఏదీ నున్నటి రోడ్డు కాదు.

చెప్పకుండా మాత్రలు ఆపేయడం. మీకు ఇది అన్నిటికంటే తేలిగ్గా కనిపిస్తోంది, ‘రెండు నెలల్లో గర్భం వస్తే ఎవరికీ తెలియదు కదా’ అన్నారు. నిజమే, మాత్రలు మానిన తర్వాత చాలామందికి గర్భం నిలిచే శక్తి త్వరగానే తిరిగొస్తుంది. కానీ రెండు నెలలని శరీరం మాట ఇవ్వదు, ఏడాది కూడా పట్టొచ్చు. అంతకంటే పెద్ద చిక్కు, రాత్రులు ఎవరు లేస్తారు, మీకు మళ్లీ ఆ చీకటి వస్తే ఏం చేయాలి అనే మాటలేవీ జరక్కుండానే బిడ్డ వచ్చేస్తుంది. మొదటిసారి జరిగింది సరిగ్గా అదే. అబద్ధం మాసిపోతుంది, దాని వెనకున్న కారణం అక్కడే ఉంటుంది.

ఇలాగే కొనసాగించడం. దీనికి ఇక వచ్చే నెల దాకానే గడువు. 35 లోపు వయసున్నవాళ్లు ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే డాక్టర్లు పరీక్షలు మొదలుపెడతారు. మీ ఇంట్లోవాళ్ల లెక్కలో పద్నాలుగు నెలలు దాటింది, కాబట్టి ఆవిడ తొందరని తప్పుపట్టలేం. ముందుగా చేసేవాటిలో మీ ఆయన వీర్య పరీక్ష ఉంటుంది. ఆయన అవసరం లేని ఆ పరీక్షకి వెళ్తారు, మీరు అవసరం లేని స్కానింగులకి, రక్త పరీక్షలకి వెళ్తారు. మాత్ర వేసుకుంటూ హార్మోన్ పరీక్షలు చేయించుకుంటే ఫలితాలు కూడా సరిగా రావు. అక్కడ బయటపడటానికీ, మీ నోటితో చెప్పడానికీ మధ్య చాలా దూరం ఉంది.

చెప్పేసి, గడువు అడగడం. నా మొగ్గు దీనివైపు, మీరు ఒప్పుకోనక్కర్లేదు. చెబితే ఆయన నమ్మకం దెబ్బతింటుంది. కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు, ‘ఇంకేం దాచావు’ అని అడగొచ్చు. పద్నాలుగు నెలలు పోగుపడిన కోపం ఒక్క సాయంత్రంలో పోదు. కానీ ‘లోపం నాలో ఉందేమో’ అన్న భారం ఆ క్షణంలోనే ఆయన మీంచి దిగుతుంది. గడువు అడిగితే ‘కొన్నాళ్లు’ అనకండి, తేదీ చెప్పండి. వయసు చూస్తే మీకు ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంది. గర్భం నిలిచే అవకాశం ముప్పై దాటాక మెల్లగా, 35 దాటాక వేగంగా తగ్గుతుంది. ఒక ఏడాది ఆలోచించుకుంటే కొంప మునగదు. అయిదేళ్లు తేల్చకుండా వదిలేస్తే మాత్రం మీ బదులు వయసే తేల్చేస్తుంది. అలా తేలినవాళ్లు నాకు ఉత్తరాలు రాస్తుంటారు, వద్దని ఎప్పుడూ అనుకోలేదు, కావాలని అనే లోపే అయిపోయిందని.

ఒక్కరితో ఆపేస్తానని చెప్పడం. అదీ పూర్తి జవాబే. ఎంతమందిని కనాలో, ఎంత ఎడంతో కనాలో దంపతులు స్వేచ్ఛగా, బాధ్యతగా నిర్ణయించుకోవడం వాళ్ల హక్కని 1968 టెహ్రాన్ ప్రకటన దగ్గర్నుంచి 1994 కైరో సదస్సు దాకా ప్రపంచ దేశాలు ఒప్పుకున్నాయి. అయితే ఆ హక్కు ఆయన దిగులుని తుడిచేయదు. ఆయన కొన్నాళ్లు లేని బిడ్డ కోసం బాధపడతారు, ఆ బాధకి చోటివ్వాలి. ఒక్క జాగ్రత్త. ఈ మాట భయంలోంచి చెప్పకండి. భయానికి మందుందో లేదో చూసుకున్నాక కూడా ఒక్కరే చాలనిపిస్తే అప్పుడు చెప్పండి, అప్పుడు గొంతు వేరుగా ఉంటుంది.

మందు అన్నాను కాబట్టి ఆ ఆరు నెలల గురించి. మీరు దానికి పేరు పెట్టలేదు. మీరు రాసిన లక్షణాలన్నీ కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌ని గుర్తుచేస్తున్నాయి. పరీక్షించకుండా నేను తేల్చకూడదు, డాక్టర్ తేల్చాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఈమధ్యే బిడ్డను కన్నవాళ్లలో నూటికి 13 మందికి మానసిక సమస్య, ముఖ్యంగా డిప్రెషన్, వస్తోంది. మూల కూర్చుని ఏడవడం బద్ధకమో గారాబమో కాదు, జబ్బు. ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువే, అందుకే మీ భయానికి ఆధారం లేదని నేను అనను. కానీ ఈసారి ముందే తెలుసు. గర్భానికి ముందే సైకియాట్రిస్టుని కలవొచ్చు, గర్భంలోనూ కాన్పు తర్వాతా గమనించే ఏర్పాటు చేసుకోవచ్చు, పాలిస్తూ కూడా వాడదగ్గ మందులున్నాయి. రెండో బిడ్డ ఉన్నా లేకున్నా ఈ సంప్రదింపు మీకు అవసరం. ‘నేను లేకపోతే బాగుండు’ అనే ఆలోచన ఇప్పుడు ఎప్పుడైనా తొంగి చూస్తే, ఈ అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే వెళ్లండి, ఆ రోజే ఎవరికైనా చెప్పండి.

ఆయనకి ఎలా చెప్పాలని అడిగారు. పోట్లాడుకున్న రోజు వద్దు, నెలసరి వచ్చిన రోజు అసలే వద్దు. పాప నిద్రపోయాక, మీరిద్దరే ఉన్నప్పుడు, ముందు మాత్ర మాట చెప్పేయండి. మొదటి వాక్యంలోనే. కారణాలతో మొదలుపెడితే అవన్నీ సంజాయిషీలా వినిపిస్తాయి, ఆయన చెవి చివరి వాక్యం కోసమే చూస్తుంటుంది. ‘లోపం నీలో లేదు, నేను మాత్రలు ఆపలేదు’ అని చెప్పి ఆగండి. ఆయన ఏమంటారో విని, ఆ తర్వాత ఆ ఆరు నెలల సంగతి చెప్పండి, ఉత్తరంలో నాకు చెప్పినట్టే. నోరు రాకపోతే ఈ ఎనిమిది పేజీలు ఆయన చేతికే ఇవ్వండి, అత్తగారి గురించి రాసిన నాలుగో పేజీ తీసేసి. ఆయన కోపంలో చెయ్యెత్తే మనిషి కాదని రాశారు కాబట్టే ఇదంతా చెబుతున్నాను. ఆ విషయంలో ఏమాత్రం అనుమానం ఉన్నా ఈ పేరా మరచిపోండి, ముందు మీ వెనక నిలబడే ఒక మనిషికి చెప్పి, డాక్టర్ని ఒంటరిగా కలవండి.

కోపం కొంచెం తగ్గాక ఒక కాగితం తీసుకోండి. పాప రోజు మొత్తం, లేపడం దగ్గర్నుంచి నిద్రపుచ్చడం దాకా, ఏ పని ఎవరు చేస్తున్నారో ఒక వారం పాటు ఇద్దరూ విడివిడిగా రాయండి. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టండి. లెక్కలు మీకు అలవాటే కదా. రెండు కాగితాలు కలవవు, ఎక్కడా కలవవు, కంగారు పడకండి. మాట్లాడాల్సింది ఆ తేడా గురించే. రెండో బిడ్డకి మొదటి మూడు నెలలు ఆయన సెలవు పెట్టగలరా, పెట్టనిస్తారా, రాత్రి పన్నెండు తర్వాత ఎవరి వంతు, మీ ప్రమోషన్ వచ్చే ఏడాదయితే దాన్ని దాటాక మొదలుపెడితే నష్టమేంటి. వీటికి జవాబులు వచ్చేసరికి మీ ఇద్దరి అంకెలూ కొంచెం జరుగుతాయి. ఎటు జరుగుతాయో నేను చెప్పలేను. ఆయన ఒక్కరు చాలనవచ్చు, మీరే ఇద్దరనవచ్చు.

అత్తగారికి మాత్ర సంగతి చెప్పనక్కర్లేదు, అది మీ ఇద్దరి గదిలోది. ‘మేమిద్దరం మాట్లాడుకుంటున్నాం అమ్మా, కొంచెం టైమ్ కావాలి’ అనే మాట మాత్రం ఆయన నోటినుంచి రావాలి, మీ నోటినుంచి కాదు. ఎప్పుడైనా మీకు మనసొస్తే, ఆ పోయిన బాబు గురించి ఆవిడని అడగండి. పిల్లల మాట ఎత్తకుండా, ఊరికే వాడి గురించి. నలభై ఏళ్లలో ఆ ఇంట్లో ఎవరైనా అడిగి ఉంటారా అని నాకు అనుమానం.

అపాయింట్‌మెంట్ రద్దు చేయకండి. ఆ తేదీ అలాగే ఉంచి, అత్తగారు లేకుండా మీరిద్దరే వెళ్లండి. లోపలికి వెళ్లగానే మాత్రల సంగతి డాక్టర్‌కి చెప్పండి, అది ఆ గది దాటి వెళ్లదు. ఆ తర్వాత మొదటి కాన్పయ్యాక జరిగినదంతా చెప్పి, ఒక సైకియాట్రిస్టు పేరు రాసివ్వమని అడగండి. పరీక్షల చీటీ కంటే ముందు ఆ చీటీ తీసుకోండి.